చిక్కు తీసిన చెయ్యి

పోయిన వారం దువ్వెనను ఆమె ఇంటి వెనక తలుపు దగ్గర నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. మనకు వారం గడిచింది కానీ, పాపం, ఆమెకు గడిచింది ఒక్క రాత్రే. అది ఎలా గడిచిందో వర్ణించి మీ ప్రాణం తియ్యను. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం అంతవరకు జరిగింది మాత్రం నాలుగు ముక్కల్లో చెబుతాను.

తమ్ముడు చెత్తబుట్ట పట్టుకుని వెనక తలుపు తీశాడు. "అక్కా, ఇక్కడ మెట్లు ఎప్పుడు కట్టించావు?" అన్నాడు. వంటగదిలో ఉన్న అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. బయట ఎప్పుడూ ఉండే పెరడే ఉంది, బట్టలారేసే తీగ ఉంది, పగిలిన బకెట్టు ఉంది. మెట్లు లేవు. తమ్ముడూ లేడు. గడప మీద కాసిని నీళ్లున్నాయి. ముట్టుకుంటే గోరువెచ్చగా తగిలాయి.

దువ్వెన అన్నది ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఆమె పుస్తకాలు దిద్దే మనిషి. ఎంత పీకులాటగా ఉన్న రాతనైనా ఓపిగ్గా చిక్కు తీసి నున్నగా చేసి పెడుతుందని రచయితలు తగిలించిన పేరది. మొదట్లో వెనకాల అనుకునేవారు, తర్వాత మొహమ్మీదే పిలవసాగారు, ఆమె కూడా పలకడం అలవాటు చేసుకుంది. లోలోపల ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వం కూడాను.

ఈ మధ్య ఆమె దువ్వుతున్నది 'కిందిది' కథల సంపుటాన్ని. ఒక పత్రికలో నలుగురు రచయితలు ఏళ్ల తరబడి రాసిన భయానక కథలవి. ఎవరి కథ వాళ్లది, ఎవరి మనుషులు వాళ్లవాళ్లు. అన్నిటి అడుగునా ఉన్నది మాత్రం ఒక్కటే, దాని పేరు కిందిది. నేల కింద, నీళ్ల కింద, మన బుర్రకు అందేవాటన్నిటి కింద ఎక్కడో పడుకుని ఉంటుంది. మనుషుల మీద దానికి కోపం లేదు, జాలీ లేదు. నడిచేటప్పుడు మనం చీమల గురించి ఎంత ఆలోచిస్తామో మన గురించి అదీ అంతే ఆలోచిస్తుంది. ఎక్కడో ఒక దారి తెరుచుకుంటుంది, ఎవరో ఒకరు అందులోకి పోతారు.

ఈ కథలు మొదలుపెట్టినాయన్ని అందరూ పెద్దాయన అంటారు. రెండోవాడు పళ్ల డాక్టరు. మూడో ఆమె లెక్కల టీచరు. నాలుగోవాడు మన దువ్వెన తమ్ముడే, ఉద్యోగం లిఫ్టులు బాగుచెయ్యడం, పిచ్చి మాత్రం కథలు రాయడం. పళ్ల డాక్టరు ఇదివరకే మాయమయ్యాడు. గుడ్డ ముక్క తెస్తానని ఆసుపత్రి వెనక తలుపు తీసి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని చాలాసేపు ఎదురుచూశాడట. ఆ సంగతి తెలియగానే టీచరు ఇంటికి తాళం వేసి, వెనక తలుపు లేని మేడగదిలో ఉండే చెల్లెలి దగ్గరికి చేరింది. లెక్కల మనిషి కదా, సందేహం రాగానే పెట్టె సర్దుకుంది.

ఇక ఈ వారంలోకి వద్దాం. తెల్లారగానే దువ్వెన పోలీసు స్టేషన్‌కి వెళ్లింది. పెద్దవాడేగా, ఎక్కడికో వెళ్లి ఉంటాడు, వస్తాడు లెండి అన్నారు. లిఫ్టు కంపెనీలో అడిగితే అతను పనికి రాలేదన్నారు. ఏం చెయ్యాలో తోచక ఇంటికి తిరిగి వచ్చిందో లేదో పెద్దాయన దగ్గర్నుంచి కబురు: వెంటనే ప్రెస్సుకి రమ్మని, తను అక్కడే ఉన్నానని. కంటి ఆపరేషన్ చేయించుకుని ఇన్నాళ్లూ గది దాటని మనిషి ప్రెస్సులో ఏం చేస్తున్నాడో ఆమెకు అర్థం కాలేదు. చెప్పులు తొడుక్కుని బయల్దేరింది.

ప్రెస్సు ఒక పొడుగాటి పాత కొట్టం. వీధివైపు ముందు గది, అందులో ప్రూఫులు చూసుకునే బల్ల. దాని వెనక హాల్లో అక్షరాలు పేర్చే కేసులు, అచ్చు యంత్రం. ఆ వెనక కాగితం కట్టలుండే గది, దానికి చివర ఒక ఇనుప గడియ తలుపు. ఆ తలుపు తీస్తే చిత్తుకాగితాలు పారేసే చిన్న దొడ్డి. లోపలంతా సిరా, కిరసనాయిలు కలిసిన వాసన. మెషిన్ మాస్టారు ఒక్కడే ఉన్నాడు. వేళ్లు నల్లగా, మొహం తెల్లగా ఉండే మనిషి, వచ్చిన ప్రతి కాగితాన్నీ పెదవులు కదుపుతూ చదవనిదే దొంతర మీద పెట్టడు. పుస్తకం ఆఖరి ఫారం, అంటే చివరి పదహారు పేజీలు తప్ప అన్నీ అచ్చయ్యాయని, ఆ ఒక్కటీ మీరు సరేనంటే మధ్యాహ్నానికల్లా దించేస్తానని ఆమెతో చెప్పాడు. ఇంత నున్నగా సాగిన పుస్తకం ఈ మధ్య చదవలేదని, ఎక్కడా కాలికి రాయి తగల్లేదని మెచ్చుకున్నాడు. వేరే రోజైతే ఆ మాటకు ఆమె పొంగిపోయేది.

ముందు గదిలో పెద్దాయన నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. చేతికర్ర బల్లకి ఆనించి ఉంది. ఎదురుగా అచ్చయిన మొదటి ఫారాలు పరిచి ఉన్నాయి. ఆమె వస్తూనే, తమ్ముడు పోయాడు బాబాయ్‌గారూ అని చెప్పబోయింది. ఆయనకు కబురు ముందే అందినట్టుంది. కూర్చోమని చేత్తో చూపించాడు.

"ఇదంతా కుదిర్చింది ఎవరమ్మా?" అని అడిగాడు.

తనేనని చెప్పింది దువ్వెన. చెప్పడమే కాదు, ఎలా కుదిర్చిందో వివరించింది కూడా. మనిషి ఎంత దుఃఖంలో ఉన్నా తన పని గురించి అడిగితే నోరు ఆగదు. ఆ కథలు చేతికి వచ్చినప్పుడు ఒకదానికొకటి పొంతన లేదు. పెద్దాయన కథల్లో కిందిది పాడుబడ్డ బావిలోంచి వస్తుంది, డాక్టరు కథల్లో కాలవలోంచి, టీచరు కథల్లో వెనక తలుపు అవతల దిగుడు మెట్ల మీంచి, తమ్ముడి కథల్లో లిఫ్టు గొయ్యిలోంచి. ఒకరు దానికి కళ్లున్నాయంటారు, ఒకరు లేవంటారు. అది వచ్చే ముందు కనిపించే నీళ్లు ఒక కథలో మంచుగడ్డలా, ఇంకో కథలో గోరువెచ్చగా ఉంటాయి. పాఠకులు పత్రికకి ఎన్నోసార్లు ఉత్తరాలు రాశారు, మీలో మీరు మాట్లాడుకుని రాయరా అని. ఆ పరువు తక్కువ పుస్తకంలో మిగలకూడదని ఆమె నెలల తరబడి కూర్చుని అన్నిటినీ ఒక్క తాటి మీదికి తెచ్చింది. బావీ, కాలవా అందరికీ ఉండవు, వెనక తలుపు ఏ ఇంటికైనా ఉంటుంది, చదివేవాడికి దగ్గరగా తగులుతుంది, అందుకని మెట్లే ఉంచింది. గోరువెచ్చని నీళ్లకైతే ఒళ్లు జలదరిస్తుంది, అందుకని వెచ్చటివే ఉంచింది. ఆ ప్రూఫులు తనూ తమ్ముడూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరు పైకి చదువుతుంటే ఒకరు దిద్దుతూ పూర్తిచేశారు. ఒక ప్రతి డాక్టరుకీ పంపింది. ఇక్కడికి వచ్చేసరికి ఆమె మాట దానంతటదే ఆగిపోయింది.

పెద్దాయన కళ్లద్దాల కిందినుంచి నీరు కారుతుంటే జేబురుమాలుతో ఒత్తుకున్నాడు. అది ఆపరేషన్ నీరో ఇంకొకటో ఆమెకు తెలియలేదు.

"ఒకరి కథ ఒకరు చదవొద్దని నేను షరతు పెట్టాను. గుర్తుందా?"

గుర్తు లేకేం. పెద్దాయన చాదస్తమని మిగతావాళ్లంతా నవ్వుకునేవారు. టీచరైతే, ఈయన కథలు చదివితే మనకి మంచి కథలు వచ్చేస్తాయని భయం కాబోలు అనేది.

"ఆ చాదస్తమే ఇన్నాళ్లూ మనల్ని కాపాడిందమ్మా. అది ఉంది. నేను పుట్టించింది కాదు, మనుషులు పుట్టకముందు నుంచీ ఉంది. కానీ ఇటువైపు రావాలంటే దానికో రూపం కావాలి, దారి కావాలి. అవి దాని దగ్గర లేవు. మన మనసుల్లోంచి తీసుకోవాలి. ఒకడు కళ్లున్నాయని, ఒకామె లేవని, ఒకడు బావి అని, ఇంకొకడు కాలవ అని అనుకుంటున్నంతకాలం దానికి కాలు మోపే చోటు దొరకదు. మేం ఒకరు చెప్పింది ఇంకొకరం చెడగొట్టుకుంటూ వచ్చాం. తెలిసి చేసింది నేనొక్కణ్ణే. మిగతావాళ్లు తెలియకుండా చేశారు."

దువ్వెన బల్ల అంచు పట్టుకుంది. నమ్మకపోవడానికి ఆమె దగ్గర ఏ కారణమూ మిగల్లేదు. గడప మీది నీళ్లు ఇంకా వేళ్లకు తగులుతున్నట్టే ఉన్నాయి. కోపం మాత్రం కావలసినంత ఉంది. ఇంత పెద్ద సంగతి కడుపులో దాచుకుని, ముగ్గురి చేతా రాయించి, ఒక్కరికి ఒక్క ముక్క చెప్పి ఉంటే నా తమ్ముడు ఈపాటికి ఇంట్లో ఉండేవాడు కదా అని నిలదీసింది. ఆమె ఆయన ముందు గొంతు పెంచడం అదే మొదటిసారి.

"చెబితే అందరికీ ఒకే భయం పట్టుకుంటుంది. ఒకే భయంతో రాస్తే ఒకేలా రాస్తారు" అన్నాడాయన. "నీకు మాత్రం చెప్పి ఉండాల్సింది. పత్రిక యజమాని పుస్తకం వేస్తానన్నప్పుడు కథలు ఉన్నవి ఉన్నట్టు అచ్చేస్తారనుకున్నాను. ఆపరేషన్ బల్ల ఎక్కాను. కథల మధ్య పొంతన కుదిర్చే ఓపిక ఈ లోకంలో ఎవరికైనా ఉంటుందని నాకు తట్టలేదు."

అది తిట్టో మెచ్చుకోలో తేల్చుకునే స్థితిలో ఆమె లేదు. ఆ ప్రూఫులు చదివిన డాక్టరూ తమ్ముడూ పోయినా తను ఎందుకు మిగిలిందని అడిగింది. ఆయన వేలితో హాలువైపు చూపించాడు. ఆఖరి ఫారం నీ మాట కోసం ఆగి ఉంది, నీ పని ఇంకా ముగియలేదు, దానికి నీతో అవసరం ఉంది, అంతే అన్నాడు.

"బాబాయ్‌గారూ, మా వాడు తిరిగొస్తాడా?"

పెద్దాయన కళ్లద్దాలు తీశాడు. ఎర్రగా వాచిన కళ్లతో ఆమెను చూశాడు. "పోయినవాళ్ల సంగతి ఏమని ఉంచావు?"

అప్పటిదాకా ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. పోయినవాళ్లు రారని పెద్దాయనా డాక్టరూ రాశారు. వస్తారని టీచరూ తమ్ముడూ రాశారు. తమ్ముడి కథలో లిఫ్టు గొయ్యిలోకి పోయిన తండ్రి ఒక పొద్దున్నే వచ్చి, ఏమీ జరగనట్టు టీ అడుగుతాడు. చెరి సగం కావడంతో తేల్చాల్సిన భారం ఆమె మీద పడింది. ఆమె అప్పుడు తమ్ముడి గురించి ఆలోచించలేదు, పుస్తకం గురించి ఆలోచించింది. తిరిగి వస్తే ఇక భయమేముంది అనుకుని ఆ పేజీ అంతా కొట్టేసింది. ఆఖరి కథ ఆఖర్న, 'పోయినవాళ్లు తిరిగి రారు' అని ఒక్క వాక్యం తన చేత్తో రాసింది. తమ్ముడు ఆ సాయంత్రం ముభావంగా తిరిగాడు. రాత్రి అన్నం దగ్గర మాత్రం, "పోనీలే అక్కా, నీకు ఎలా బాగుంటే అలాగే కానీ" అన్నాడు. ఆ మాట గుర్తొచ్చి దువ్వెన ఏడ్చింది. అమ్మా నాన్నా పోయాక పెంచి పెద్దచేసిన పిల్లాడు. వాడికి తనే ఒక వాక్యంతో తలుపు మూసింది.

ఆమె ఏడుపు ఆగేదాకా ఆగి, పెద్దాయన చెయ్యాల్సింది చెప్పాడు. పుస్తకం తగలబెట్టి లాభం లేదు, చదివినవాళ్ల మనసుల్లో కుదిరిన రూపం కుదిరినట్టే ఉంటుంది. దాన్ని చెడగొట్టాలి. ఆఖరి ఫారంలో ఉన్నది ఆయన రాసిన మొట్టమొదటి కథే. దాన్ని ఆమె దిద్దకముందు ఉన్నట్టే పెట్టించాలి: బావి, చల్లటి నీళ్లు, కళ్లు, అన్నీ. ముందున్న కథలన్నీ అబద్ధమని అదే చెబుతుంది. మెషిన్ మాస్టారు చదువుతాడు, ఆమె చదువుతుంది, ఆయన చదువుతాడు. పట్టు సడలుతుంది, దారి మూసుకుపోతుంది.

"దారి మూసుకుపోతే వాడు?"

"అవతలే ఉండిపోతాడు."

ఆ మాట అంత తేలిగ్గా ఎలా అనగలిగారని ఆమె అడగలేదు, చూపే అడిగింది. ఆయన చేతికర్ర పిడిని నిమురుతూ, ఎవరికీ చెప్పని సంగతి చెప్పాడు. పెళ్లయిన కొత్తలో వాళ్లు అద్దెకున్న వీధిలో అందరూ ఒక కథ చెప్పుకునేవారట, వీళ్లుండే ఇంటి మెట్ల కింద అరలో ఏదో ఉందని. పిల్లా పెద్దా అంతా ఒక్క మాట పొల్లుపోకుండా ఒకేలా చెప్పేవారు. ఒకరోజు ఆయన భార్య చీపురు కోసం ఆ అర తలుపు తీసింది. ఆమె తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు పోయారు. పిచ్చెక్కి తిరుగుతూ ఆయన కనిపించిన ప్రతివాడికీ ఆ కథ తప్పుతప్పుగా చెప్పడం మొదలుపెట్టాడు. మెట్ల కింద కాదు, బావిలో అన్నాడు. వీధిలో సగంమంది అదీ, సగంమంది ఇదీ చెప్పుకోసాగారు. ఒక పొద్దున చూస్తే అర ఉన్నచోట గోడ ఉంది.

"వీధి బతికింది. మీ పిన్ని ఆ గోడ అవతల ఉండిపోయింది. చెవి పెడితే గొంతు వినిపించేది, కొన్నాళ్లు. కథ మళ్లీ మార్చి, ఆవిడ వచ్చేసిందని చెప్పుకుంటూ తిరిగి ఉండొచ్చు. చెప్పలేదమ్మా."

"ఎందుకని?"

"ఏమై వస్తుందో ఏ కథలోనూ లేదు. అది రాసే దమ్ము నాకు లేకపోయింది. మనం రాయకుండా ఖాళీ వదిలిన చోట అది తనకి కావలసింది పెట్టుకుంటుంది."

దువ్వెన కళ్లు తుడుచుకుని లేచింది. ఆయన సంచిలోంచి ఆ మొదటి కథ అచ్చయిన పాత పత్రిక తీసి ఇచ్చాడు. కళ్లు మండుతున్నాయని, తను ఇక్కడే కూర్చుంటానని, దగ్గరుండి పెట్టించమని చెప్పాడు. ఆమె సరేనని హాల్లోకి వెళ్లింది. సరేనన్నప్పుడు ఆ మాట నిజంగానే అంది, అబద్ధం కాదు. హాలు గడప దాటేసరికి మనసు మారింది.

ఆమెను తప్పుపట్టేముందు ఒక్క సంగతి తలుచుకోండి. ఆమె బతుకంతా ప్రూఫులతోనే గడిచింది. ప్రూఫులు చూసేవాళ్లకి ఒక ధీమా ఉంటుంది, ఏ తప్పైనా తర్వాతి ప్రూఫులో దిద్దుకోవచ్చని. ముందు ఆ ఒక్క వాక్యం మారుద్దాం, వాడు గడపలో అడుగుపెట్టగానే మిగతాదంతా పెద్దాయన చెప్పినట్టు చెడగొట్టేద్దాం, దారి మూసేద్దాం అనుకుంది. రెండు విడతల పని అనుకుంది. ఇంత తేలికైన ఉపాయం పెద్దాయనకు ఇన్నేళ్లలో ఎందుకు తట్టలేదా అని కూడా అనుకుంది. వాడు కళ్లముందు మెదులుతుంటే ఆమెకు అంతకుమించి ఏదీ తోచలేదు.

పాత పత్రికను కాగితం కట్టల మీద బోర్లా పెట్టింది. మాస్టార్ని పిలిచి ఆఖరి పేజీ ఆఖరి వరుస చూపించింది. 'రారు' తీసేసి 'వస్తారు' పెట్టమంది. ఆయన వంగి తలకిందుల అక్షరాలను చదువుకున్నాడు. ఇంతకుముందుదే గుండెకు పట్టేలా ఉంది కదమ్మా అన్నాడు. మార్చమన్నాను కదా మాస్టారూ అంది, కాస్త కటువుగానే. ఆయన భుజాలెగరేసి చిమటాతో పాత మాట పెరికి కొత్త మాట పేర్చాడు. చట్రం బిగించి చెక్కసుత్తితో తట్టి యంత్రం మీదికి ఎక్కించాడు.

యంత్రం కదిలింది. మొదటి కాగితం వచ్చింది. మాస్టారు దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టుకుని అలవాటు ప్రకారం పెదవులు కదుపుతూ ఆసాంతం చదివాడు. దువ్వెన ఆ పెదవుల్నే చూస్తూ నిలబడింది. ఆఖరి వరుస దగ్గర అవి కదిలి ఆగాయి.

ముందు ఏమీ జరగలేదు. యంత్రం తన మానాన తను కాగితాలు వేస్తోంది. తర్వాత కాగితాల గదివైపు చూసి మాస్టారు, వెనక ఎక్కడో పైపు పగిలినట్టుందే అన్నాడు. తలుపు కిందినుంచి పల్చగా నీళ్లు వస్తున్నాయి. తడిస్తే కట్టలన్నీ పాడవుతాయని కంగారుపడి ఆయన పరుగెత్తి వాటిని ఎత్తి బల్లల మీదికి చేర్చసాగాడు. ఆ నీళ్లలో నిలబడ్డ దువ్వెన పాదాలకు వెచ్చదనం తెలుస్తోంది.

"అక్కా, తలుపు తియ్యి."

తమ్ముడి గొంతే. సందేహం లేదు. ఆమెకు ప్రాణం లేచివచ్చింది. కాగితాల గదిలోకి పరుగెత్తింది, వెళ్తూ వెళ్తూ మోకాలు బల్లకి కొట్టుకుంది, పట్టించుకోలేదు. రెండు చేతులతో గడియ పట్టుకుంది. "వస్తున్నానురా" అంది.

"అక్కా, తలుపు తియ్యి."

వాడు రెండోసారి పిలిచాడంటే గొంతులో విసుగుండాలి. చిన్నప్పటి నుంచీ అంతే, రెండో పిలుపుకే కోపం వచ్చేస్తుంది. మూడో పిలుపుకి తలుపు మీద తంతాడు. దువ్వెన గడియ లాగకుండా ఆగింది.

"అక్కా, తలుపు తియ్యి."

అచ్చుగుద్దినట్టు అదే పిలుపు. అదే ఎత్తు, అదే నెమ్మది, 'అక్కా' తర్వాత అంతే ఆగడం. ఆ గొంతు వెనక, బాగా దిగువ నుంచి, అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఒకరివి కావు. చాలామంది మెట్లెక్కి వస్తున్నారు. ఎవరికీ తొందర లేదు. ఆ తలుపు వెనక ఉండేది చిత్తుకాగితాల దొడ్డి, అంతకంటే కిందికి దిగడానికి అక్కడ ఏమీ లేదని ఆమెకు తెలుసు. తను చేసింది ఏమిటో అప్పుడు పూర్తిగా తెలిసింది. మిగతాదంతా చెడగొట్టే రెండో విడత గుర్తొచ్చింది, కట్టల మీద బోర్లా పెట్టిన పాత పత్రిక గుర్తొచ్చింది. యంత్రం ఆపమని మాస్టార్ని కేకవెయ్యబోయింది.

చేతికర్ర చప్పుడు దగ్గరికి వచ్చింది. పెద్దాయన కాగితాల గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఇప్పుడే అచ్చయిన కాగితం. కళ్లద్దాలు లేవు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏ వాక్యం మార్చావమ్మా?" అన్నాడు. అది అడిగినట్టు లేదు, చదివేసి వచ్చినట్టే ఉంది.

ఆమె తల వంచుకుంది. తియ్యను బాబాయ్‌గారూ, తలుపు తియ్యను, వాడు మావాడు కాదు అంది. పత్రిక అక్కడే ఉంది, ఇద్దరం కలిసి వెంటనే మార్చేద్దాం, ఇంకా మించిపోలేదు అని ప్రాధేయపడింది. ఆయన అవునన్నట్టు తలూపాడు. ఆమె పక్కకు వచ్చి, తలుపుకు వీపు ఆనించి అడ్డంగా నిలబడ్డాడు. ఆ ముసలి వీపు తలుపుకు ఆనగానే ఆమెకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

అవతల అడుగులన్నీ ఒక్కసారిగా ఆగాయి. తమ్ముడి పిలుపు కూడా ఆగిపోయింది. కాసేపు హాల్లోని యంత్రం చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత తలుపుకు సరిగ్గా ఆయన చెవి ఉన్న ఎత్తులో, ఎవరో చెక్కకు పెదవులు ఆనించి మాట్లాడినట్టు, ఒక ఆడగొంతు వినిపించింది. చాలా చిన్న వయసు గొంతు, కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల గొంతు.

"ఏమండీ."

పెద్దాయన చేతిలోంచి కర్ర జారి నీళ్లలో పడింది. ఆయన మెల్లగా తలుపువైపు తిరిగాడు. దువ్వెన గడియను ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆమె చేతి మీద ఆయన చెయ్యి పడింది. తనకు సాయం పడుతున్నాడని, ఇద్దరూ కలిసి పట్టుకోవడానికే వేశాడని ఆమె అనుకుంది. ఆయన ఆమె మొహం చూడకుండా, చిన్నపిల్లకు నచ్చజెప్పినంత మెత్తగా, ఆమె వేళ్లను ఒక్కొక్కటే గడియ మీంచి విప్పదీశాడు.

"వస్తున్నా" అన్నాడు, తలుపుతో. గడియ లాగాడు.